పిచ్చి, పెళ్లి, పీనల్ కోడ్

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లైతే గాని పిచ్చి కుదరదు అంటారు మనవాళ్లు. ఎటూ తెమలని పనుల గురించి వాడుకునే సామెత. రాజమండ్రి కోర్టుల్లో నలభై ఏళ్ల పైచిలుకు ప్లీడరీ చేసిన నాకు మాత్రం ఇందులో రెండో సగం సామెతలా వినపడదు. మన జిల్లాల్లో తరతరాలుగా నడిచిన వైద్యం అది. పిల్ల నిద్రపోవడం మానేసింది, తనలో తాను మాట్లాడుకుంటోంది అంటే ముందు గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు. నెల్లూరు వైపు వాళ్లు ఏ.ఎస్. పేట దర్గాకు తీసుకెళ్లి నిద్ర చేయించేవారు. వాల్తేరు పిచ్చాసుపత్రి ఆఖరి మాట. 'వాల్తేరు వెళ్లొచ్చిన పిల్ల' అని ఊళ్లో ఒక్కసారి పేరు పడితే ఆ పిల్లకే కాదు, చెల్లెళ్లకీ సంబంధాలు రావు. అందుకని ఆసుపత్రి కంటే ముందు పెళ్లి. మగపిల్లాడైతే 'బాధ్యత నెత్తిన పడితే వాడే దారికొస్తాడు'. ఆడపిల్లైతే 'ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి'.

పెళ్లికీ ఆ బిడ్డకీ మధ్య ఒక రాత్రి ఉంటుంది. ఆ రాత్రి ఆ పిల్ల ఒప్పుకుందా, అసలు ఒప్పుకునే స్థితిలో ఉందా అని అడిగిన పెద్దమనిషిని నేను చూడలేదు. చట్టమైనా ఎప్పుడైనా అడిగిందా అని పాత రిపోర్టులు తిరగేయడం నాకు ప్రాక్టీసు తొలిరోజుల నుంచీ పట్టుకున్న జాడ్యం.

శాస్త్రాలతో మొదలుపెడితే, వాటి దిగులంతా ఆస్తి గురించి. యాజ్ఞవల్క్య స్మృతి పిచ్చివాణ్నీ, పుట్టు మందబుద్ధినీ వాటాదారుల్లోంచి తీసేసి, తిండీ బట్టా ఇచ్చి పోషించమంది. కల్యాణి చాళుక్యుల రాజ్యంలో విజ్ఞానేశ్వరుడు దానికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దిలో, తిక్కన కాలపు కేతన, ఆ మితాక్షరను ఆధారం చేసుకుని విజ్ఞానేశ్వరీయం రాశాడు. తెలుగులో ధర్మశాస్త్రం చదువుకునే వీలు అలా వచ్చింది. పిచ్చివాడికి వాటా లేకపోయినా పెళ్లికి అడ్డు లేదు. అలాంటివాళ్లు పెళ్లాడాలనుకుంటే పుట్టిన పిల్లలకు వాటా వస్తుందని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం చెబుతుంది.

మనువును వెనకేసుకురావడం నాకు అలవాటు లేదు. అయినా ఆ అధ్యాయంలోనే ఉన్న ఇంకో రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. భర్తను ద్వేషించే భార్యకు ఏడాది గడువిచ్చి, అప్పటికీ మారకపోతే సొమ్ము లాక్కుని దూరం పెట్టమన్న మనిషి, భర్త పిచ్చివాడైతే మాత్రం ఆమె విముఖతను తప్పు కింద జమకట్టలేదు. ఆమెను వదిలేయకూడదు, ఆమె సొమ్ము ముట్టకూడదు అన్నాడు. రోగిష్టి భార్య గుణవంతురాలైతే ఆమె అనుమతి తీసుకున్నాకే మరో పెళ్లి చేసుకోమన్నాడు. అంటే జబ్బు మనిషి అనుమతి అనే ఊహ ఆ కాలానికి ఉంది. సవతిని తెచ్చేటప్పుడు అడగాలి. పక్కలోకి పిలిచేటప్పుడు అడగాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇంగ్లీషువాళ్లు వచ్చాక 1858లో పిచ్చివాళ్ల మీద వరసగా మూడు చట్టాలు చేశారు. ఆస్తి ఎవరు చూసుకోవాలి, ఆసుపత్రిలో ఎవర్ని పెట్టాలి అన్నవే అందులో ముఖ్యం. పెళ్లి జోలికి పోలేదు. అది కోర్టుల నెత్తిన పడింది. ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు 14వ సంపుటి, 316వ పేజీలో ఒక కేసుంది. 1891 సంపుటి అది. తండ్రికి తెలియకుండా తల్లి చేసిన పెళ్లి చెల్లుతుందా అన్నది తగువు. ఆ తగువులో జడ్జీలు దారిన పోతూ ఒక మాట అనేశారు. హిందూ వివాహం సంస్కారం గనక, పెళ్లి జరుగుతున్న మనిషి మైనరైనా, మతి స్థిమితం లేకపోయినా, తంతు సరిగ్గా జరిగితే పెళ్లి చెల్లుతుందన్నారు. ఆ ఒక్క మాట ముల్లా 'హిందూ లా' పుస్తకంలోకీ, మా సీనియర్ గారి నోట్సులోకీ, జిల్లా కోర్టుల్లో వాదనల్లోకీ పాకింది. 1911లో ప్రివీ కౌన్సిల్ దగ్గరకి ఇలాంటిదే వెళ్తే, మతి ఎంత తప్పింది అన్న స్థాయిని బట్టి చూడాలన్నారు గాని, వాళ్లూ ఆ పెళ్లిని నిలబెట్టేశారు.

ఇప్పుడు దీని పక్కన పీనల్ కోడ్ పెట్టి చూడండి. మెకాలే బృందం 1837లో చిత్తు తయారుచేస్తే, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. అందులో మతి చలించినవాళ్లు ముఖ్యంగా రెండుచోట్ల కనిపిస్తారు. 84వ సెక్షన్లో, నేరం చేసిన మనిషిగా. 90వ సెక్షన్లో, సమ్మతి ఇచ్చిన మనిషిగా. మతి స్థిమితం లేక, తాను దేనికి ఒప్పుకుంటున్నానో దాని స్వభావమూ ఫలితమూ అర్థం కాని మనిషి ఇచ్చిన సమ్మతి సమ్మతే కాదంటుంది 90. చక్కటి వాక్యం, ఇప్పటికీ నాకు వంక కనపడదు. కానీ 375వ సెక్షన్ చివర మినహాయింపు కూర్చుని ఉంది. పదేళ్లు దాటిన సొంత భార్యతో మగవాడు చేసేది అత్యాచారం కాదు. వయసు అంకె తర్వాత మారుతూ వచ్చింది. 1891లో పన్నెండు, 1925లో పదమూడు, 1949లో పదిహేను. మినహాయింపు మాత్రం కదల్లేదు.

ఆ మినహాయింపు వెనకున్న వాదన 17వ శతాబ్దపు ఇంగ్లండు జడ్జి మాథ్యూ హేల్‌ది. ఆయన పోయిన అరవై ఏళ్లకి, 1736లో అచ్చయిన పుస్తకంలో ఉంది. పెళ్లినాడు ఆడది ఒప్పుకుని తనను తాను భర్తకు ఇచ్చేసుకుంది, ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోవడం కుదరదు అన్నది దాని సారం. పీనల్ కోడ్ ప్రకారం భార్య పెళ్లినాడే ఒప్పుకుంది, ఇక అడగక్కర్లేదు. మద్రాసు హైకోర్టు ప్రకారం హిందూ పెళ్లికి ఆమె ఒప్పుకోలే అక్కర్లేదు, మతి లేకపోయినా చెల్లుతుంది. ఒకే కోర్టు ఆవరణలో, సివిల్ వైపు ఒక మాట, క్రిమినల్ వైపు ఒక మాట. రెండూ ఒకే ఆడమనిషి మీద పడ్డాయి. ఎన్నడూ ఇవ్వని సమ్మతిని, ఇక వెనక్కి తీసుకోలేవు అని ఆమెకు చెప్పారు. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి ప్రశ్నించిన తీర్పు, నేను చదివిన పాత రిపోర్టుల్లో ఒక్కటీ లేదు.

విడిపోయే దారి కూడా అందరికీ ఒకేసారి రాలేదు. భర్త రెండేళ్లుగా పిచ్చితో ఉంటే ముస్లిం స్త్రీ వివాహం రద్దు కోరొచ్చని 1939 చట్టం చెప్పింది. మద్రాసు రాష్ట్రంలో 1949లో ఒక విడాకుల చట్టం వచ్చినా, దేశంలో హిందువులందరికీ ఆ దారి తెరుచుకున్నది 1955లోనే. ఆ హిందూ వివాహ చట్టం పెళ్లినాటికి వధూవరులు మందబుద్ధో పిచ్చో అయి ఉండకూడదని షరతు పెట్టింది. 1976లో దాన్ని సవరించారు. సమ్మతి ఇవ్వలేని స్థితి ఉండకూడదు, సమ్మతి ఇవ్వగలిగినా పెళ్లికీ పిల్లల్ని కనడానికీ పనికిరానంత మానసిక రుగ్మత ఉండకూడదు, పిచ్చి గాని మూర్ఛలు గాని మళ్లీ మళ్లీ రాకూడదు అన్నారు. మూర్ఛను 1999లో తీసేశారు. పిల్లల్ని కనడం మాత్రం ఇంకా అక్కడే ఉంది. కనగలదా అని అడిగింది చట్టం.

నేను ప్రాక్టీసు పెట్టినప్పటికి ఈ సవరణ కొత్త. మా సీనియర్ గారి ఆఫీసుకు పిచ్చి పేరు చెప్పి పెళ్లి రద్దు కోరే పిటిషను నెలకొకటైనా వచ్చేది. దాదాపు అన్నీ మగపెళ్లివారివే. 'జబ్బు దాచిపెట్టి మా గొంతు కోశారండీ' అనేది మొదటి మాట. మోసం కింద పెళ్లి రద్దు కోరాలంటే 12వ సెక్షన్లో రెండు మెలికలున్నాయి. మోసం తెలిసిన ఏడాదిలోపు వేయాలి. తెలిశాక పిటిషనరు తన పూర్తి సమ్మతితో కాపురం చేసి ఉండకూడదు. ఇక్కడ చట్టం సమ్మతి గురించి అడుగుతుంది, అదీ 'పూర్తి' సమ్మతి గురించి! అడిగేది భర్తను. భార్య తరఫున హాజరైనప్పుడు నా క్రాస్ అంతా ఆ మెలిక చుట్టూ తిరిగేది.

"జబ్బు సంగతి మీకెప్పుడు తెలిసిందండీ?"

"పెళ్లైన నెలకే."

"తెలిశాక కాపురం చేశారా?"

"లేదండి. ముట్టుకోలేదు."

"మరి బాబు పుట్టింది పెళ్లైన పద్నాలుగు నెలలకి కదా?"

బెంచి క్లర్కు కూడా తల వంచుకుని నవ్వుకునేవాడు. అక్కడితో పిటిషను పడిపోయేది, మా క్లయింటు గెలిచేది. గెలిచిన ఆమె, జబ్బు ముదిరి ఉన్న ఆ నెలల్లో ఆ గదిలో ఏం అనుభవించిందో రికార్డులో ఒక్క వాక్యం ఉండదు. ఆమె నోట అది చెప్పించాల్సిన అవసరం ఏ సెక్షన్‌కీ లేదు.

కోనసీమ నుంచి వచ్చిన ఒకావిడ నాకు చెప్పింది, కోర్టుకు కాదు. పదో తరగతి చదివింది, కుట్టుపని వచ్చు. మందులు వేసుకున్నంతకాలం నాకంటే నిదానంగా మాట్లాడేది. "బాగున్నప్పుడు ఆయనంటే నాకిష్టమే లాయరమ్మగారూ. బాగోనప్పుడు మనిషి దగ్గరికొస్తే ఒళ్లంతా భయం. వద్దంటాను. అప్పుడేమో, మాత్ర వేసుకోలేదు గనక అలా అంటున్నావు అంటారు. ఊ అంటే జబ్బు తగ్గినట్టు, ఊహూ అంటే పెరిగినట్టు." పక్కన వాళ్లమ్మ కొంగుతో నోరు మూసుకుంది. ఆ మాటను అఫిడవిట్‌లో ఎక్కడ పెట్టాలో నాకు దారి లేదు. క్రూరత్వం కింద పెడితే ఎదుటి ప్లీడరు మొదట అడిగేది ఆమె మందుల చీటీలే. విడాకులు ఆమెకు అక్కర్లేదు. కావలసిందల్లా ఆ పది పదిహేను రోజులు ఎవరూ తన జోలికి రాకపోవడం.

1983 సంగతి ఇక్కడ చెప్పాలి, అది మన రాష్ట్రం కథ కూడా. కడప సబ్ కోర్టులో మొదలైన ఒక కేసు, సినిమా నటి సరిత మీద ఆమె భర్త కాపురానికి రమ్మని వేసినది, హైకోర్టుకొచ్చింది. ఆ జులై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి, కాపురానికి రావాలని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. తన శరీరం మీద నిర్ణయం ఆ మనిషి చేతిలోంచి ప్రభుత్వం చేతిలోకి పోతుంది, అది కుదరదు అన్నారు. మా బార్ అసోసియేషన్ గదిలో ఆ తీర్పు కాపీ చేతులు మారి మారి నలిగిపోయింది. కొందరు సీనియర్లు ఇక కాపురాలు ఏమైపోతాయోనని దిగులుపడ్డారు. నవంబరులో ఢిల్లీ హైకోర్టు దీనికి ఎదురు తీర్పు చెప్పింది.

అప్పటికి పోలీసుల మీద నడిచిన మథుర అత్యాచారం కేసు మీదా, 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజా బీ మీద జరిగిన దారుణం మీదా రేగిన ఆగ్రహం చల్లారలేదు. రమీజా బీ భర్తను కొట్టి చంపారు, నగరం భగ్గుమంది, జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. ఆ ఒత్తిడికి పార్లమెంటు 375ను తిరగరాసింది. 1983 డిసెంబరు 25న అమల్లోకొచ్చిన ఆ సవరణలో, మతి స్థిమితం లేక అర్థం చేసుకోలేని స్త్రీ సమ్మతి చెల్లదన్న మాట మొదటిసారి అత్యాచార నిర్వచనం లోపలికే వచ్చింది. 90లో ఉన్నది 375లోకి నడిచొచ్చిందన్నమాట. మినహాయింపు? ఉన్నచోటే ఉంది. పరాయివాడు ఆమె పిచ్చిని వాడుకుంటే నేరం, తాళి కట్టినవాడు వాడుకుంటే సంసారం. మరుసటి ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చౌదరి గారి తీర్పు తప్పని తేల్చేసింది. పదమూడు నెలల్లోనే తెరుచుకున్న తలుపూ, మూసుకున్న తలుపూ.

తర్వాత కాలంలో సుప్రీంకోర్టు ఒక మంచి పని నిలకడగా చేసింది. జబ్బు పేరు చూసి మనిషిని కొట్టిపారేయకూడదంది. స్కిజోఫ్రీనియా అని చీటీ మీద రాసినంత మాత్రాన విడాకులు రావు, అది ఏ స్థాయిలో ఉందో చూడాలని 1988లో చెప్పింది. 2013లో ఆంధ్రకే చెందిన డాక్టర్ల జంట కేసులో, చికిత్స తీసుకుంటూనే పై చదువు పూర్తిచేసి ఉద్యోగం చేస్తున్న భార్యకు విడాకులివ్వడానికి నిరాకరించింది. 2009లో చండీగఢ్ ప్రభుత్వ గృహంలో అత్యాచారానికి గురై గర్భవతైన మందబుద్ధి యువతి బిడ్డను ఉంచుకుంటానంటే, ఆమె మాటకు విలువిచ్చి అబార్షన్ ఆపింది. నేను వీటిని మెచ్చుకుంటాను. జబ్బు ఉంది గనక ఆమెకు కోరిక ఉండదు, మాట ఉండదు అనుకోవడం కూడా ఒక హింసే. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలోని మందబుద్ధి ఆడపిల్లలకు పుణెలో గర్భసంచులు తీయించింది అలాంటి ఆలోచనే. అయితే విడాకుల కేసుల్లో మతిని అంత సూక్ష్మంగా తూచిన చట్టం, ఆ తక్కెడను పడకగది వైపు ఎన్నడూ తీసుకెళ్లలేదు.

ఆ తక్కెడ ఎలా ఉండొచ్చో నాకు ఇంగ్లండులో కనిపించింది. 2009లోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు ఒక కేసు వచ్చింది. తీవ్రమైన మానసిక రుగ్మత ఉన్న యువతి, సాయం చేస్తానన్న మగవాడి భయంతో లొంగిపోయింది. భయానికి తర్కం లేకపోయినా అది ఎంచుకునే శక్తిని లాగేసుకోగలదనీ, ఒప్పుకోవడమనేది ఫలానా మనిషితో, ఫలానా పరిస్థితిలో అని చూడాల్సిందేననీ తీర్పు. ప్రధాన తీర్పు రాసినావిడ పేరు లేడీ హేల్! మూడు శతాబ్దాల కిందటి హేల్ చెప్పిన 'ఒక్కసారి ఒప్పుకుంటే చాలు'ను వాళ్ల దేశం 1991లోనే వదిలించుకుంది. కోనసీమ ఆవిడ 'బాగున్నప్పుడు, బాగోనప్పుడు' అన్నది దాదాపు ఈ హేల్ మాటే. ఆవిడకి మాత్రం లార్డ్స్ లేరు.

మగవాళ్లంతా ఒకటే అని రాస్తే అన్యాయం అవుతుంది. ఒక బ్యాంకు ఉద్యోగి ఒకసారి ఫీజు ముందే టేబుల్ మీద పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు. భార్యకు బైపోలార్. ఉద్రేకం ఎక్కిన రోజుల్లో ఆమే తనను లాగుతుంది, తగ్గాక ఏడుస్తుంది, గుర్తులేదంటుంది. "అలాంటప్పుడు నేను సరే అంటే తప్పవుతుందా మేడమ్?" చట్టంలో మీకు తప్పు లేదు అని చెప్పడం తేలిక, ఆయన అడిగింది అది కాదు. ఆమె తేటగా ఉన్నప్పుడు కూర్చుని అడగమన్నాను. వాళ్లిద్దరూ డాక్టరు ముందే మాట్లాడుకుని, నిద్ర తప్పిన మొదటి రాత్రి నుంచి వారం సరిగ్గా నిద్రపోయేదాకా వేరే గదులని పెట్టుకున్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ముందస్తు ఆదేశం పేరుతో ఇలాంటి సౌకర్యమే ఇచ్చింది, వైద్యం విషయంలో మాత్రమే. ఆ చట్టమే మానసిక జబ్బు ఉన్నంతమాత్రాన, కోర్టు తేల్చనిదే, మతి స్థిమితం లేనట్టు కాదని కూడా చెప్పింది. ఇక ఇదే కథలో జబ్బుమనిషి భర్త అయితే? అత్యాచార నిర్వచనంలో బాధితుడిగా మగవాడికి చోటే లేదు. అతని ఒప్పుకోలు గురించి శాస్త్రమూ అడగలేదు, కోడూ అడగలేదు.

2013లో మానసిక వైకల్యం ఉన్న స్త్రీపై అత్యాచారానికి శిక్ష పెంచారు, ఆమె వాంగ్మూలం వీడియో తీయాలన్నారు. 2017లో సుప్రీంకోర్టు భార్య వయసును పద్దెనిమిదికి తెచ్చింది. 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో మినహాయింపు మీద ఇద్దరు జడ్జీలు చెరో దారి పట్టారు, వ్యవహారం పైకోర్టుకెళ్లింది. 2024 జులై 1 నుంచి పీనల్ కోడ్ పోయి న్యాయ సంహిత వచ్చింది, 375 కాస్తా 63 అయింది. మతి స్థిమితం మాట, దాని కిందే భర్త మినహాయింపు, రెండూ పాత ఇంట్లోని బీరువాల్లా కొత్తింట్లోకి వచ్చి చేరాయి.

నేనిప్పుడు కోర్టుకు తక్కువ వెళ్తున్నాను. మా జూనియర్ ఈమధ్య ఒక గృహహింస కేసు డ్రాఫ్టు చూపించింది. కోనసీమ ఆవిడ చెప్పినలాంటి సంగతే, ఇంకో ఇల్లు. 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస అన్న మాట ఉంది గనక రక్షణ ఉత్తర్వు అడగొచ్చు, అంతవరకు బాగానే రాసింది. దానితోపాటు పోలీసులకు ఇవ్వడానికి ఒక ఫిర్యాదు కూడా తయారుచేయించాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్లో ఒక క్లాజుంది. వైకల్యం ఉన్న స్త్రీ మీద పెత్తనం చలాయించగల స్థితిలో ఉండి, దాన్ని వాడుకుని లైంగికంగా దోపిడీ చేస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్లు. మానసిక అనారోగ్యం ఆ చట్టం షెడ్యూల్లోనే ఉంది. "భర్తకు వర్తించదంటారేమో మేడమ్" అంది జూనియర్. అంటే, ఆ మినహాయింపు ఈ చట్టంలో ఏ వాక్యంలో ఉందో చదివి వినిపించమని అడుగు అన్నాను.